మెడనొప్పి, మర్దన – మన ప్రాంతపు ముచ్చట

మన సంఘ సభ్యుల్లో నూటికి ఎందరికి మెడనొప్పి ఉన్నదో కార్యాలయంలో రిజిస్టరు లేదు గానీ, నెలసరి సమావేశం నాడు వెనుక నుంచి ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పకుండా మనిషి మొత్తంగా తిరిగి “ఏం నాయనా” అని పలకరించే మిత్రులను లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. నేనూ ఆ జాబితాలో వాడినే. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా పంపమని కార్యదర్శిగారు కోరినప్పుడు, చంద్రగిరి కోట గురించీ కాణిపాకం గురించీ వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, ఎవరూ వ్రాయని ఈ మెడ సంగతి ఎత్తుకున్నాను. ఇందులో రాజులున్నారు, పరదేశ యాత్రికులున్నారు, మన ఊరి క్షురకులున్నారు. చివర మనకు పనికివచ్చే నాలుగు జాగ్రత్తలు కూడా ఉన్నవి.

ముందు గుమాస్తా మెడ ఎందుకు పడుతుందో చెప్పాలి. మనిషి తలకాయ బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. ఏడు చిన్న ఎముకల మీద ఈ బరువు నిలబడి ఉంటుంది. తల నిటారుగా ఉన్నంతసేపు ఎముకలే మోస్తాయి. ముందుకు వంచితే మాత్రం మెడ వెనుక కండలు పట్టి లాగి నిలపవలసి వస్తుంది. 2014లో ఒక అమెరికా వెన్నెముక వైద్యుడు లెక్కవేసి, తల అరవై డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని ప్రకటించాడు. ఆయన సెల్‌ఫోన్లు చూసే పిల్లలను దృష్టిలో పెట్టుకొని ఈ లెక్క కట్టాడు. మనం సెల్‌ఫోన్లు పుట్టకముందే ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఆ పని చేశాం. నేను 1971లో చిత్తూరులో ఒక కార్యాలయంలో చేరి 2009లో విరమించాను. జమాబందీ రోజుల్లో అడంగళ్ళు, పదొకట్ల లెక్కలు ముందేసుకొని రాత్రి పదింటిదాకా కూర్చున్నవారు మనలో ఎందరో. 1984లో రద్దయ్యే వరకు గ్రామాల్లో ఉండిన కరణాలదీ ఇదే అవస్థ. వారికి కుర్చీ కూడా ఉండేది కాదు, నేల మీద చాప, ఎదురుగా వాలుపెట్టె. పాతకాలం కరణంగారు నడుస్తుంటే గడ్డం రొమ్ముకు ఆనినట్లు ఉండేది. అది వినయం అనుకునేవాళ్ళం.

ఇక మర్దన సంగతి. ఈ పనికి మన భాషలో ఎన్ని మాటలున్నవో ఎప్పుడైనా గమనించారా? నిమరడం, రుద్దడం, పిసకడం, ఒత్తడం, తట్టడం. మొత్తానికి కలిపి ఒళ్ళు పట్టడం. వీటిలో ఏదీ మరొకదానికి బదులు కాదు. బిడ్డ వీపు నిమురుతాం గానీ పిసకం. పెద్దవాళ్ళ కాళ్ళు ఒత్తుతాం గానీ తట్టం. పందొమ్మిదో శతాబ్దంలో హాలెండు దేశపు వైద్యుడు యోహాన్ మెజ్గర్ మర్దనను శాస్త్రబద్ధం చేస్తూ ఫ్రెంచి పేర్లతో కొన్ని విభాగాలు ఏర్పరచాడు. వాటికి అర్థాలు చూస్తే నిమరడం, రుద్దడం, పిసకడం, తట్టడం. ఇవాళ ఫిజియోథెరపీ చదివే పిల్లలు ఆ ఫ్రెంచి మాటలను బట్టీ పట్టి పరీక్షలు వ్రాస్తున్నారు. మన అవ్వలకు అవి పుట్టుకతో వచ్చిన మాటలు.

ఆయుర్వేదంలో దీనికి అభ్యంగమని పేరు. చరక సుశ్రుతుల గ్రంథాల్లోనూ, తరువాతి వాగ్భటుని అష్టాంగహృదయంలోనూ దినచర్యలో భాగంగా దీన్ని చేర్చారు. ఒళ్ళంతటికీ నూనె పట్టించాలనీ, తల, చెవులు, పాదాల విషయంలో విశేష శ్రద్ధ ఉండాలనీ వాగ్భటుడు అంటాడు. అజీర్ణంతో ఉన్నవాడికీ, కఫం ఎక్కువైనవాడికీ అభ్యంగం కూడదని కూడా ఆయనే చెప్పాడు. మనం మొదటి సగం గుర్తుపెట్టుకొని రెండో సగం వదిలేశాం. మెడ బిగుసుకుపోయే వ్యాధికి వారు పెట్టిన పేరు మన్యాస్తంభం. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేరున వెలసిన మానసోల్లాసంలో, రాజు స్నానవైభవం చెప్పేచోట తైలమర్దన ప్రస్తావన ఉన్నది.

మన ప్రాంతంతో నేరుగా సంబంధమున్న సాక్ష్యం మాత్రం శ్రీకృష్ణదేవరాయలది. 1513 నుంచి 1521 లోపల ఆయన ఏడుసార్లు తిరుమలకు వచ్చాడని మనవాళ్ళందరికీ తెలుసు. గుడిలో రాణులతో కూడా చేతులు జోడించి నిలబడిన ఆయన విగ్రహం చూడనివారుండరు. ఆ కాలంలోనే విజయనగరంలో ఉండిన దొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయలవారి ప్రాతఃకాల కార్యక్రమం వ్రాసిపెట్టాడు. రాబర్టు సూయెల్ 1900లో అచ్చువేసిన పుస్తకంలో దాని ఇంగ్లీషు అనువాదం ఉన్నది. దాని ప్రకారం, రాయలు తెల్లవారకముందే లేచి ముప్పాతిక పైంటు నువ్వులనూనె త్రాగి, అదే నూనె ఒళ్ళంతా పట్టించుకునేవాడు. తరువాత బరువులు ఎత్తి, కత్తిసాము చేసి, పట్టిన నూనెంతా చెమటగా కారిపోయేదాకా ఆగేవాడు కాడు. ఆపైన తన జెట్టీలలో ఒకరితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానంలో తెల్లవారేదాకా తిరిగి, అప్పుడు స్నానానికి వెళ్ళేవాడు. నూనె త్రాగే పని ఎవరూ అనుకరించవద్దని మనవి. నాకు ఇందులో నచ్చింది వేరే ఉన్నది. రాజుకైనా నూనె ఒక్కటే వైద్యం కాదు, దాని వెనుక కదలిక ఉన్నది. నూనె పట్టించి మంచం మీద పడుకోబెట్టడం మనం తరువాత నేర్చుకున్న సుఖం.

రాజుల సంగతి వ్రాసేవాళ్ళున్నారు. ఊళ్ళో మెడ పట్టినవాడికి చెయ్యివేసి బాగుచేసినవాళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ లేవు. ఈ పని ముఖ్యంగా నాయీబ్రాహ్మణులది. క్షవరం, చిన్నపాటి వైద్యం, పెండ్లిళ్ళకూ దేవుని ఉత్సవాలకూ సన్నాయి డోలు, వారి ఆడవారు మంత్రసానులుగా పురుళ్ళు పోయడం. ఇన్ని విద్యలు ఒక్క ఇంట్లో ఉండేవి. మద్రాసు రాష్ట్రపు కులాల గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన సంపుటాల్లో క్షురవృత్తి, వాద్యం, మంత్రసానితనం అన్నీ నమోదు చేశాడు. దీనికి ప్రతిఫలం కళ్ళంలో మేరగా ఇచ్చే గింజలు. పిలుపు మాత్రం నీచంగా ఉండేది. ఆ కులం పేరును తిట్టుగా వాడరాదని మన రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే, గింజలతోపాటు మనం ఏమేమి కొలిచి ఇచ్చామో ఆలోచించుకోవచ్చు.

నా చిన్నతనంలో మా ఊళ్ళో గెడ్డం చేసిన తరువాత పెద్దలకు తల, మెడ, భుజాలు పట్టడం ఆ పనిలో భాగమే, దానికి వేరే రేటు లేదు. ముందు అరచేత్తో మెడను నిమిరి, ఎక్కడ గట్టిగా ఉన్నదో వేళ్ళతో వెతికి, ఆ చోట బొటనవేలు ఆనించి కాసేపు కదపకుండా ఉంచేవాడు. అమెరికాలో జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ అనే ఇద్దరు వైద్యులు 1983లో పెద్ద గ్రంథం వెలువరించి, కండల్లో ముడులు పడతాయనీ, మెడ పక్క కండలో ముడి ఉంటే కణతలో నొప్పి తెలుస్తుందనీ బొమ్మలతో సహా చూపారు. ఆ ముడుల గురించి పండితుల్లో ఇంకా వాదోపవాదాలున్నవి. మా ఊరి ఆయన మాత్రం తలనొప్పి అన్నవాడి కణతలు వదిలి భుజం మీది కండ పట్టేవాడు. ఆయనకు అది ఎవరు చెప్పారో, ఆయన ఎవరికి చెప్పి పోయాడో తెలియజెప్పే కాగితం ఒక్కటీ లేదు.

ఇళ్ళల్లో వైద్యాలు వేరే ఉండేవి. మెడ పట్టితే తలగడ ఎండలో వేసేవారు మా ఇంట్లో. నడుము పట్టితే ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి పిలిపించి తొక్కించేవారు. మా వీధిలో అలా పుట్టిన కుర్రవాడికి గిరాకీ ఎక్కువై బడికి సరిగా పోలేదని చెప్పుకునేవారు. శనివారం మగవాళ్ళకూ శుక్రవారం ఆడవాళ్ళకూ నువ్వులనూనె తలంటు, తరువాత శీకాయ. నరకచతుర్దశి నాడైతే అందరికీ తప్పదు.

తిరుపతివాళ్ళ మెడల గురించి వేరే చెప్పాలి. 1944 ఏప్రిల్‌లో మొదటి ఘాట్‌రోడ్డు తెరిచేదాకా కొండకు నడక, లేదంటే డోలీ. యాత్రికుల మూటలు, సరుకులు అన్నీ మనిషి నెత్తి మీదా భుజం మీదా ఎక్కవలసిందే. బ్రహ్మోత్సవాల్లో వాహనాలు మోసేవారి భుజాలను దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది, మెడకూ భుజానికీ మధ్య కండ కాయకట్టి ఉంటుంది. కల్యాణకట్టలో తలనీలాలు తీసేవారిది దీనికి తిరగబడిన కష్టం. వాళ్ళకు బరువు లేదు, వంపు ఉన్నది. ఎదుట కూర్చున్న భక్తుని తల మీదకు గంటల తరబడి తమ తల వంచి ఉండాలి. గుమాస్తా మెడకూ ఆయన మెడకూ తేడా లేదు. మనకు ఆదివారం సెలవు ఉండేది, అంతే.

ఈ విద్య సముద్రం దాటిన వైనం చిత్రమైనది. షాంపూ అనే మాట మన దేశంలో పుట్టింది. ఒత్తడమని అర్థమిచ్చే హిందీ మాట నుంచి వచ్చింది. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మదు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండు మీదుగా లండను చేరి, 1810లో అక్కడ హిందూస్తానీ భోజనశాల తెరిచి నష్టపోయాడు. తరువాత బ్రైటన్ అనే సముద్రతీరపు ఊరిలో ఆవిరిస్నానాలు, మర్దన కలిపి షాంపూ చికిత్స అని పెట్టాడు. 1822లో దాని మీద పుస్తకం కూడా వ్రాశాడు. నాలుగవ జార్జి రాజుకు షాంపూ సర్జన్ అనిపించుకున్నాడు. మన దగ్గర కళ్ళంలో గింజలకు చేసిన పనికి అక్కడ రాజముద్ర పడింది. కాలక్రమంలో ఆ మాటలోంచి ఒత్తడం జారిపోయి తల రుద్దుకునే సబ్బునీరు మాత్రం మిగిలి, సీసాల్లో మనకే తిరిగి వచ్చింది.

స్వీడను దేశంలో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. అక్కడి నుంచి మర్దన ఆస్పత్రుల వైపు నడిచింది. 1894లో లండనులో నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం ఒకటి పెట్టారు. మర్దన పేరున జరిగే అసాంఘిక వ్యాపారాలతో తమను కలపవద్దని వారి తాపత్రయం. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేసి ఆ వృత్తి మంచి పేరు సంపాదించింది. ఆ సంఘమే 1944 నుంచి ఫిజియోథెరపీ సంఘంగా ఉన్నది. మన దేశంలో 1953లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ఈ చదువు మొదలైంది, పోలియో బాధితుల అవసరం దానికి కారణం. సంఘం పెట్టుకోవడం, గుర్తింపు అడగడం, పరీక్షలు పెట్టడం, ఇవి మనలాంటి ఉద్యోగులకు బాగా తెలిసిన మార్గాలే. మన ఊరి క్షురకుడికి ఆ మార్గం ఎవరూ చూపలేదు.

తిరుపతిలో దేవస్థానం వారి ఎస్.వి. ఆయుర్వేద కళాశాల 1983లో వచ్చింది. 1993లో స్విమ్స్ ఆస్పత్రి ప్రారంభమైంది, అక్కడ ఫిజియోథెరపీ కళాశాల కూడా ఉన్నది. ఆయుర్వేదంలో గ్రీవాబస్తి అనే పద్ధతి ఉన్నది. బోర్లా పడుకోబెట్టి, మెడ వెనుక మినపపిండితో గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసి కొంతసేపు నిలుపుతారు. హాయిగా ఉంటుంది. పుత్తూరు కట్టు సంగతి వేరు. పుత్తూరు దగ్గర రాజుల కుటుంబం వారు 1881 నుంచి చేస్తున్నామని చెప్పే ఎముకల వైద్యం అది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అయితే క్రిందపడి మెడకు దెబ్బ తగిలినవాణ్ణి మాత్రం ఎవరి దగ్గరకూ కట్టుకు తీసుకుపోకూడదు. తల కదలకుండా పట్టుకొని పెద్దాస్పత్రికే చేర్చాలి. అక్కడ ఎముక లోపల వెన్నుపాము ఉన్నది.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. పాతకాలపు నిదానపు చెయ్యి పోయి, తిరుగుడు కుర్చీల సెలూన్లు వచ్చిన తరువాత మర్దన రెండు నిమిషాలకు కుదించుకుపోయింది. నెత్తి మీద దడదడ తట్టడం, చివరకు గడ్డం ఒక చేత్తో, తల వెనుక ఒక చేత్తో పట్టి అటొకసారి ఇటొకసారి విరవడం. టక్‌మని శబ్దం వస్తే మనవాళ్ళకు ఆనందం. “ఆ సౌండు రాకపోతే డబ్బు వసూలు కాలేదు సార్” అన్నాడొక మిత్రుడు. ఆ శబ్దం నరం దారిలో పడిన శబ్దం కాదు. కీళ్ళ మధ్య ఉండే ద్రవంలో వాయువు బుడగ ఏర్పడినప్పుడు వచ్చేది.

మెడ ఎముకలకు రెండు పక్కలా రంధ్రాలుంటాయి. వాటిలో నుంచి రెండు రక్తనాళాలు మెదడు వెనుక భాగానికి పోతాయి. తలను హఠాత్తుగా తిప్పితే, లేదా ఎక్కువసేపు వెనక్కి వాల్చితే, ఆ నాళం లోపలి పొర చీలవచ్చు, నొక్కుకుపోవచ్చు. అక్కడ రక్తం గడ్డకట్టితే పక్షవాతం. 1993లో అమెరికా వైద్యసంఘం పత్రికలో, సౌందర్యశాలలో తల కడిగించుకున్న తరువాత పక్షవాతం వచ్చిన అయిదుగురు స్త్రీల వివరాలు అచ్చయ్యాయి. 2022లో హైదరాబాదులో ఒక యాభై ఏళ్ళ మహిళకు ఇలాగే తల వెనక్కి వాల్చి కడుగుతుండగా తలతిరుగుడు, వాంతులు వచ్చి, స్ట్రోకుగా తేలిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఇవి అరుదుగా జరిగేవే. కానీ డెబ్బై దాటినవాళ్ళకు నాళాలు గట్టిపడి ఉంటాయి, ఎముకలు గుల్లబారి ఉంటాయి. అరుదైనది మన కుర్చీలోనే జరగకూడదని ఏ జీవో లేదు. నా పాత సెక్షన్ మిత్రుడొకరు ఇలా మెడ విరిపించుకొని, ఆ సాయంత్రం నుంచి కుడిచెయ్యి తిమ్మిరితో మూడు నెలలు సంతకం చేయలేకపోయారు. బ్యాంకులో వ్రేలిముద్ర వేయించుకొని పెన్షను తెచ్చుకున్న రోజున ఆయన ముఖం నేను చూశాను.

అలాగని మర్దన మానుకోనక్కరలేదు. పరిశోధనలన్నీ కలిపి చూసినవారు చెప్పేదేమంటే, మెడనొప్పికి మర్దన వల్ల కొంత ఉపశమనం ఉంటుంది, అది ఎక్కువకాలం నిలవదు, గట్టి ఆధారాలు తక్కువ. అమెరికాలో 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో వారానికి రెండు మూడుసార్లు, గంట చొప్పున చేయించుకున్నవారికి కాస్త మెరుగని తేలింది. గంటసేపు మన మెడ ఎవరు పడతారు? ఇంట్లోవాళ్ళు పది నిమిషాలు చేస్తే అదే పదివేలు. చేసే విధానం చెబుతాను.

నొప్పి ఉన్న మనిషి బల్ల ముందు కుర్చీలో కూర్చొని, బల్ల మీద చేతులు మడిచి నుదురు వాటి మీద ఆనించాలి. అప్పుడు తల బరువు బల్ల మోస్తుంది, కండలు వదులవుతాయి. నువ్వులనూనె గిన్నెను వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చన చేసుకోవాలి, పొయ్యి మీద నేరుగా కాచవద్దు. చేసేవారు మొదట రెండు అరచేతులతో తల వెనుక నుంచి మెడ మీదుగా భుజాల చివరిదాకా నాలుగైదుసార్లు నిమరాలి. తరువాత మెడకూ భుజానికీ మధ్య ఉన్న మందపాటి కండను బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్య పట్టి, చపాతీ పిండిలాగా నెమ్మదిగా పిసికి వదలాలి. పట్టు గట్టిగా ఉన్నచోట బొటనవేలు ఆనించి, ఓర్చుకోగల నొప్పి దగ్గర ఆపి, ఇరవై ముప్పై సెకండ్లు ఉంచాలి. తలకాయ ఎముక అంచు క్రింద, నడిమికి రెండు పక్కలా చిన్న కండలుంటాయి. చదివేవారికీ వ్రాసేవారికీ పట్టేవి అవే. అక్కడ వేలికొసలతో చిన్న సున్నాలు చుట్టినట్లు రుద్దితే చాలు. చివర మళ్ళీ నిమరడంతో ముగించాలి. తరువాత వేడినీటి గుడ్డతో కాపడం. ఆ పైన గడ్డాన్ని నెమ్మదిగా వెనక్కి లోపలికి లాక్కొని అయిదు సెకండ్లు ఉంచి వదలడం పదిసార్లు చేస్తే, రాయలవారి పద్ధతి ప్రకారం నూనెకు కదలిక తోడైనట్లే.

నడుమ ఉన్న ఎముక మీద వేలు పెట్టి నొక్కకూడదు. మెడ ముందుభాగాన, గొంతుకకు ఇరుపక్కలా నాడి కొట్టుకునేచోట అసలు చెయ్యి వేయకూడదు. అక్కడ నొక్కితే గుండె వేగం, రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు, నాళంలో పేరుకున్న కొవ్వు ఊడి మెదడుకు పోవచ్చు. తల తిప్పి విరవనే కూడదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు గట్టిగా పిసికించుకోరాదు. జ్వరం ఉన్నా, క్రిందపడినా, చేతుల్లో తిమ్మిరి, బలం తగ్గడం, నడక తూలడం, ఒంటికి మూత్రం పట్టు తప్పడం వంటివి కనిపించినా నూనెగిన్నె పక్కనపెట్టి డాక్టరును చూడాలి. హఠాత్తుగా ఎన్నడూ లేని మెడనొప్పితో మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ఆ క్షణమే 108కి ఫోను చేయాలి. మెడతోపాటు ఎడమచెయ్యి, దవడ లాగి చెమటలు పడితే అది మెడనొప్పి కాకపోవచ్చు, గుండె కావచ్చు.

కల్యాణకట్టలో చాలా ఏళ్ళు పనిచేసి విరమించిన ఒకాయన మా పక్కవీధిలో ఉన్నాడు. సాయంత్రం నడకలో కలుస్తుంటాం. ఈ వ్యాసం కోసమే ఒకనాడు అడిగాను, అందరి తలలూ పట్టినవారు గదా, మీ మెడకు ఏంచేసేవారు అని. గుడ్డలో కల్లుప్పు మూటకట్టి పెనం మీద వేడిచేసి ఇంట్లో ఆమె కాపడం పెట్టేదట. సెలూనులో మెడ విరిపించుకున్నారా ఎప్పుడైనా అని అడిగితే నవ్వి, “మా నాయన ఎవరికీ విరవలేదు సార్, మమ్మల్నీ విరవనీలేదు. అది మా విద్య కాదు, సినిమాలు చూసి కుర్రోళ్ళు నేర్చుకున్నది” అన్నాడు. ఆ మూటలో ఉప్పుతోపాటు ఇంకేమైనా వేస్తారా అంటే, గుప్పెడు వాము కూడా వేస్తుందని చెప్పాడు.